‘డెలివర్డ్’ అని రాసింది ఎవరు?

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా 24 డిసెంబర్ 2025న ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో మూడింటిని ఇక్కడ ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. నాకు నలభై నిమిషాలు ఇచ్చారు. వకీలుకి టైమిచ్చి మాట్లాడమంటే ఏమవుతుందో నిర్వాహకులకు తెలియంది కాదు, అయినా పిలిచారు. (నవ్వులు)

డిసెంబర్ 24న ఈ దినోత్సవం ఎందుకు జరుపుకుంటామో మీకు తెలుసు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన రోజు ఇది. సరిగ్గా ఇదే తేదీన, 2023లో, ఇంకో చట్టానికి కూడా రాష్ట్రపతి సంతకం అయింది. పోస్టాఫీసు చట్టం, 2023. బ్రిటిష్ వాళ్లు 1898లో చేసిన చట్టం స్థానంలో వచ్చింది. 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 10 ఏమంటుందంటే, వేరే ఏ చట్టంలో ఏం రాసి ఉన్నా సరే, పోస్టాఫీసు తన సేవల విషయంలో ఎలాంటి బాధ్యతా వహించదు, తానే నిబంధనల్లో ఒప్పుకున్న మేరకు తప్ప. ఉద్యోగి కూడా బాధ్యుడు కాడు, మోసం చేస్తేనో, కావాలని పోగొడితేనో, కావాలని ఆలస్యం చేస్తేనో తప్ప.

వినియోగదారుల దినోత్సవం నాడు ఇలాంటి సెక్షన్ మీద సంతకం పడడం యాదృచ్ఛికమే. ఎవరో పంచాంగం చూసి పెట్టిన ముహూర్తం కాదు. కానీ ఈ రోజు మాట్లాడటానికి నాకు ఇంతకంటే మంచి విషయం దొరకలేదు.

ఈ సెక్షన్ కొత్తదేమీ కాదని ముందే చెప్పాలి. పాత చట్టంలో ఇది సెక్షన్ 6గా ఉండేది. ఉత్తరం పోయినా, తప్పు చిరునామాకు ఇచ్చినా, ఆలస్యమైనా, పాడైనా ప్రభుత్వానికి బాధ్యత లేదని అందులో స్పష్టంగా రాశారు. వినియోగదారుల ఫోరాల్లో పోస్టాఫీసు మీద వేసిన కేసులు ఎన్నో ఆ సెక్షన్ 6 దగ్గరే ఆగిపోయాయి. ఉద్యోగి ఉద్దేశపూర్వకంగా చేశాడని రుజువైన కొద్ది కేసుల్లోనే పరిహారం వచ్చింది. ఉద్దేశం రుజువు చేయాల్సింది ఎవరు? ఉత్తరం అందనివాడు! ఉత్తరం ఎక్కడ ఆగిందో కూడా తెలియనివాడు, దాన్ని ఆపినవాడి మనసులో ఏముందో కోర్టుకు చూపించాలి.

దీని వేళ్లు ఇంగ్లండులో ఉన్నాయి. 1701లో లేన్ వర్సెస్ కాటన్ అని ఒక కేసు. పోస్టులో వేసిన కవరులోంచి ఖజానా బిల్లులు మాయమయ్యాయి. పోగొట్టుకున్నాయన పోస్ట్‌మాస్టర్ జనరల్ మీద దావా వేశాడు. పోస్టాఫీసు ప్రభుత్వ యంత్రాంగంలో భాగం, సరుకు మోసే వ్యాపారి కాదు, కాబట్టి బాధ్యత లేదని మెజారిటీ జడ్జీలు తేల్చారు. ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ ఒక్కడే ఒప్పుకోలేదు, చార్జీ పుచ్చుకుంటున్నప్పుడు బాధ్యత ఎందుకుండదని ఆయన ప్రశ్న. 1778లో ఇంకో కేసు వచ్చింది, మళ్లీ అదే జవాబు. మన సుప్రీంకోర్టు కూడా 1979లో మహమ్మద్ నజీమ్ కేసులో, పోస్టాఫీసు ఉత్తరం పంపేవాడి ఏజెంటు కాదు, కామన్ క్యారియర్ కూడా కాదు, చట్టం ప్రకారం నడిచే ప్రజాసేవా శాఖ అని చెప్పింది.

మరి జనం ఏం చేశారు? చట్టం చేయి దులుపుకుంటే జనం తమ జాగ్రత్త తాము చూసుకున్నారు. కరెన్సీ నోటును సగానికి కోసేవారు. ఒక ముక్క ముందు పోస్టులో పంపి, అది చేరిందని కబురొచ్చాక రెండో ముక్క పంపేవారు. మన దేశంలో కూడా పాత కాలపు నోట్లతో ఇలాగే చేసేవారని రిజర్వు బ్యాంకు వాళ్లే నోట్ల చరిత్రలో రాసుకున్నారు. నాకు ఈ సంగతి చాలా ఇష్టం. అవతలివాడు ‘అందింది’ అని తన నోటితో చెప్పేదాకా ఇవతలివాడు రెండో సగం వదిలేవాడు కాదు. చేరిందో లేదో చెప్పే మాట మోసుకెళ్లినవాడిది కాదు, పుచ్చుకున్నవాడిది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, నా ప్రసంగమంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు కథలో రెండో సగానికి వస్తాను, ఇది మా కోర్టు మనుషులకు సంబంధించింది. ఒకవైపు చట్టం ‘ఉత్తరం చేరకపోతే పోస్టాఫీసుకు బాధ్యత లేదు’ అంటుంది కదా. ఇంకోవైపు మరో చట్టం ‘పోస్టులో వేశారంటే చేరినట్టే’ అంటుంది. జనరల్ క్లాజెస్ చట్టం, 1897, సెక్షన్ 27 చూడండి. సరైన చిరునామా రాసి, స్టాంపులు అంటించి, రిజిస్టరు పోస్టులో వేస్తే, మామూలుగా ఉత్తరం ఎప్పుడు చేరుతుందో అప్పుడు చేరినట్టే లెక్క, చేరలేదని ఎవరైనా రుజువు చేస్తే తప్ప. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఐదో ఆర్డరు ఇంకో అడుగు ముందుకేసింది. కోర్టు సమన్లు రిజిస్టరు పోస్టులో పంపాక 30 రోజుల్లో అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగి రాకపోయినా, ఆ కార్డు ఎక్కడో పోయినా సరే, సమన్లు అందినట్టే కోర్టు ప్రకటించొచ్చు. కార్డులు దారిలో పోతాయని చట్టం రాసినవాళ్లకే తెలుసన్నమాట!

1897లో ఒక చట్టం, 1898లో ఇంకో చట్టం. ఏడాది తేడాతో ఒకే ప్రభుత్వం చేసినవి. మొదటిది పోస్టును గుడ్డిగా నమ్మమంటుంది. రెండోది, నమ్మి నష్టపోతే మమ్మల్ని అడగొద్దంటుంది. మధ్యలో ఇరుక్కున్నవాడు మనిషి.

చెక్ బౌన్స్ కేసు తీసుకోండి, ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి తెలిసే ఉంటుంది. (నవ్వులు) చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. అంతా నోటీసు అందిన తేదీ మీద ఆధారపడి ఉంది. ‘నాకు నోటీసే రాలేదు’ అనే వాదన ప్రతి కోర్టులో వినిపిస్తుంది. అబద్ధం చెప్పేవాళ్లు బోలెడుమంది, ఒప్పుకుంటాను. అందుకే 2007లో అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు ఒక మధ్యే మార్గం చూపింది. నోటీసు రాలేదనేవాడు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేసి కేసు కొట్టేయమని అడగొచ్చు. అలా కట్టనివాడికి నోటీసు అందలేదనే వాదన చెల్లదు. చెక్కు విషయంలో ఇది న్యాయంగానే ఉంది. బాకీ ఉన్నవాడికి తన బాకీ సంగతి తెలుసు కాబట్టి.

కానీ అన్ని నోటీసులూ బాకీ నోటీసులు కావు. పొలం సరిహద్దు దావా వేశారని మనకు తెలియకపోతే? ఇల్లు వేలానికి పెడుతున్నామని బ్యాంకు పంపిన కాగితం మన గుమ్మం దాకా రాకపోతే? కవరు మీద ‘డోర్ లాక్’ అనో, ‘లెఫ్ట్’ (ఇక్కడినుంచి వెళ్లిపోయాడు) అనో, ‘రిఫ్యూజ్డ్’ అనో రాసి తిప్పి పంపితే, కోర్టు ఆ ముక్కను సాక్ష్యంగా తీసుకుంటుంది. ‘రిఫ్యూజ్డ్’ అంటే మనిషి తీసుకోనన్నాడు కాబట్టి తీసుకున్నట్టే లెక్క. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మన వాదన వినకుండానే తీర్పు, పడిపోతుంది. దాన్ని కొట్టేయించుకోవడానికి మళ్లీ పిటిషన్, మళ్లీ వాయిదాలు. ఆ పిటిషన్లు వేసిన వాళ్లలో కొందరు నిజంగా ఊళ్లోనే ఉన్నవాళ్లు, తలుపు తీసే ఉన్నవాళ్లు. కొందరు నిజంగానే తలుపు వేసుకుని కూర్చున్నవాళ్లు. ఎవరు ఎవరో తేల్చే సాధనం కోర్టు దగ్గర లేదు. కవరు మీద పోస్ట్‌మ్యాన్ రాసిన ఆ ఒక్క మాట తప్ప.

ఆ మాట ఎవరు రాస్తున్నారు? దాన్ని ఎవరు సరిచూస్తున్నారు?

ఇక్కడ పాత చట్టంలోని ఒక చిన్న సెక్షన్ గురించి చెప్పాలి. సెక్షన్ 51. బట్వాడా చేసే ఉద్యోగి వెళ్లని చోటికి వెళ్లినట్టు, ఇవ్వని ఉత్తరం ఇచ్చినట్టు నమ్మించడానికి రిజిస్టరులో తప్పు రాస్తే ఆరు నెలల జైలు, లేదా 100 రూపాయల జరిమానా, లేదా రెండూ. సెక్షన్ 49లో తాగి డ్యూటీకి వచ్చినా, దారిలో కాలక్షేపం చేస్తూ టపా ఆలస్యం చేసినా 50 రూపాయల జరిమానా. సెక్షన్ 52 ప్రకారం ఉత్తరం దొంగిలించినా, దాచినా, పారేసినా ఏడేళ్ల దాకా జైలు. 1898 నాటి తెల్లదొరలకు ఈ దేశపు ఉద్యోగి మీద నమ్మకం లేక రాసుకున్నవి ఇవి, అందులో నాకు అనుమానం లేదు. అయినా ‘తప్పుడు ఎంట్రీ’ అనేది ఒక ప్రత్యేకమైన నేరమని గుర్తించారు. 2023 చట్టంలో ఈ శిక్షల అధ్యాయమే లేదు. పోస్టల్ ఉద్యోగి తప్పు చేస్తే ఇక భారతీయ న్యాయ సంహిత, శాఖాపరమైన చర్యలే దిక్కు. కానీ సెక్షన్ 6లోని మినహాయింపు మాత్రం సెక్షన్ 10 పేరుతో చెక్కుచెదరకుండా వచ్చింది. పాత చట్టంలో కొరడా, కవచం రెండూ ఉండేవి. కొరడా పారేశారు, కవచం ఉంచుకున్నారు. పార్లమెంటులో దీని మీద జరగాల్సినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం.

కొరడా పోయిందని నాకు బాధ లేదు, ఎందుకో ఒడిశా కథ చెప్తే అర్థమవుతుంది. 2018 ఆగస్టు, భద్రక్ జిల్లా, ఒధంగా అనే ఊరు. పాత పోస్టాఫీసు ఆవరణలో ఆడుకుంటున్న పిల్లలకు సంచుల కొద్దీ ఉత్తరాలు కనిపించాయి. సుమారు ఆరు వేలు. కొన్ని 2004 నాటివి. ఏటీఎం కార్డులు, పాసు పుస్తకాలు కూడా ఉన్నాయి. భారత నౌకాదళం నుంచి 2011లో ఆ ఊరి కుర్రాడికి వచ్చిన ఉత్తరం ఒకటి ఉంది, ఉద్యోగానికి అప్లై చేసుకున్నాడట. చెదలు తినగా, తడవగా మిగిలినవి ఒక పదిహేను వందలు. అసిస్టెంట్ బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌ను సస్పెండ్ చేశారు.

పేపర్లన్నీ ఆ మనిషిని తిట్టాయి. కానీ నాకు ఆ వార్తలో కళ్లు తిరిగిన వాక్యం వేరే ఉంది. రిజిస్టరు పోస్టు, స్పీడ్ పోస్టు మాత్రం ఆయన సక్రమంగానే పంచేవాడట. వాటికి నంబరుంటుంది, పంపినవాడు అడుగుతాడు, పై అధికారి చూస్తాడు. మామూలు ఉత్తరానికి నంబరు లేదు, కాబట్టి అది సంచిలోకి పోయింది. పద్నాలుగేళ్లు! ఆ పద్నాలుగేళ్లలో ఆ బ్రాంచికి ఇన్‌స్పెక్షన్‌కి ఎంతమంది వచ్చి ఉంటారు? రిజిస్టర్లు చూసుంటారు, క్యాషు లెక్క చూసుంటారు, స్టాంపులు లెక్కపెట్టుంటారు. ఉత్తరం చేరిందా అని ఊళ్లో ఒక్క గుమ్మం దగ్గర ఆగి అడిగి ఉంటే ఆ సంచి పద్నాలుగేళ్లు పెరిగేది కాదు.

అంటే లోపం ఆ ఒక్క మనిషి దగ్గర లేదు. ఏది లెక్కలోకి వస్తుందో అదే బట్వాడా అవుతోంది.

ఇప్పుడు ఆ మనిషి స్థానంలో ఉన్నవాళ్ల గురించి కూడా మాట్లాడాలి, లేకపోతే అన్యాయం. మన దేశంలో దాదాపు 1,64,000 పోస్టాఫీసులున్నాయి, పదింట తొమ్మిది పల్లెల్లోనే. ఆ పల్లె పోస్టాఫీసులను నడిపేది గ్రామీణ డాక్ సేవకులు (జీడీఎస్‌లు), సుమారు రెండున్నర లక్షల మంది. వాళ్లు పూర్తిస్థాయి ప్రభుత్వోద్యోగులు కారు. రోజుకు నాలుగు గంటలో ఐదు గంటలో పని అని లెక్క. 2018 జులైలో సవరించిన ప్రకారం బ్రాంచి పోస్ట్‌మాస్టరుకు (బీపీఎం) మొదటి మెట్టు 12,000 రూపాయలు, అసిస్టెంటుకు 10,000, దాని మీద డీఏ. పోస్టాఫీసుకు గది కూడా బీపీఎమ్మే చూసుకోవాలి. టపా సంచి రావాలి, విప్పాలి, మూడు నాలుగు ఊళ్లు తిరగాలి, వచ్చి సేవింగ్స్ లావాదేవీలు చేయాలి. పైనుంచి టార్గెట్లు, ఇన్ని ఖాతాలు తెరిపించు, ఇన్ని పాలసీలు చేయించు, పోస్టల్ పేమెంట్స్ బ్యాంకులో ఇంతమందిని చేర్పించు అని. నాకు తెలిసిన జీడీఎస్‌లు చాలామంది చెప్పేది ఒకటే మాట. ఖాతాలు తగ్గితే మీటింగులో నిలబెట్టి అడుగుతారు సార్, ఉత్తరం రెండ్రోజులు లేటైతే ఎవరూ అడగరు అని. టెన్షన్ ఎటువైపు ఉంటే పని అటువైపు వెళ్తుంది.

ఏదైనా బయటపడితే ముందు ‘పుట్ ఆఫ్ డ్యూటీ’, అంటే డ్యూటీ నుంచి పక్కన పెట్టడం, పడేది వీళ్ల మీదే. ఆ డివిజనులో ఉత్తరాలు ఎన్ని రోజుల్లో చేరుతున్నాయో లెక్కే పెట్టని వ్యవస్థకు పైన ఎవరి జీతమూ ఆగదు. జవాబుదారీ అంటే కింది మెట్టు మీదున్నవాణ్ని పట్టుకోవడం అనుకుంటున్నాం మనం. అదే నా అసలు గొడవ.

‘ఇప్పుడన్నీ యాప్‌లు వచ్చాయి కదా సార్’ అని మీరనొచ్చు. నిజమే, వచ్చాయి. పోస్ట్‌మ్యాన్ చేతిలో మొబైల్ ఉంది, ఇచ్చిన చోటే డెలివరీ నమోదు చేస్తాడు. ఈ ఏడాది ఆగస్టు నాటికి దేశమంతా కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారింది, శాఖ సొంతంగా తయారుచేసుకున్నది. డిజిపిన్ అని ఇంకోటి వచ్చింది, దేశాన్ని నాలుగు మీటర్ల గళ్లుగా విభజించి ప్రతి గడికి పది అక్షరాల కోడ్ ఇస్తారు. మన ఐఐటీ హైదరాబాద్ వాళ్లకు, ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వాళ్లకు అందులో పాత్ర ఉంది. డోర్ నంబర్లు మన ఊళ్లలో ఎలా ఉంటాయో, ఒక వీధిలో 12 పక్కన 47 ఎలా వస్తుందో తెలిసినవాళ్లెవరైనా దీన్ని స్వాగతిస్తారు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ పెట్టినప్పటినుంచి మన చిరునామాలో వచ్చిన పెద్ద మార్పు ఇదే కావచ్చు.

కానీ ఒక సంగతి గమనించండి. యాప్‌లో ‘డెలివర్డ్’ అని నొక్కేది ఎవరు? బట్వాడా చేసే ఉద్యోగే. ఆలస్యం ఎంతయిందో లెక్కకట్టేది ఎవరు? అదే శాఖ. ఫిర్యాదు చేస్తే జవాబు ఎక్కడినుంచి వస్తుంది? అదే రికార్డులోంచి. ‘ఫలానా తేదీన డెలివరీ అయినట్టు రికార్డులో ఉంది, ఫిర్యాదు మూసివేయడమైనది.’ పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుని, రీకౌంటింగ్ కూడా తానే చేసుకుంటున్నాడు. వాడు నిజాయితీపరుడే కావచ్చు, కానీ ఆ మార్కులు మనం ఎందుకు నమ్మాలి?

వేరే దేశాల్లో ఏం చేస్తున్నారో చూద్దాం. స్వర్గమేమీ కాదు, ముందే చెప్తున్నా. బ్రిటన్‌లో రాయల్ మెయిల్ మీద ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ ఉంది. ఫస్ట్ క్లాస్ ఉత్తరాల్లో 93 శాతం మర్నాడే చేరాలి, సెకండ్ క్లాస్‌లో 98.5 శాతం మూడు పనిదినాల్లో చేరాలి, ఇది చట్టబద్ధమైన లక్ష్యం. యూరప్‌లో దీన్ని కొలవడానికి ఒక ప్రమాణమే ఉంది. ఎక్కడెక్కడో ఉన్న సాధారణ జనం పరీక్ష ఉత్తరాలు పోస్టు చేస్తారు, అందుకున్నవాళ్లు ఏ రోజు అందిందో రాస్తారు. ఏ ఉత్తరం పరీక్ష ఉత్తరమో పోస్ట్‌మ్యాన్‌కి తెలియదు. చూశారా, మళ్లీ పుచ్చుకున్నవాడి మాట!

ఆ లెక్క ప్రకారం 2022-23లో ఫస్ట్ క్లాస్ 73.7 శాతమే వేళకి చేరింది. ఆఫ్‌కామ్ 56 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. మరుసటి ఏడాదికి కోటీ ఐదు లక్షల పౌండ్లు. 2024-25లో 77 శాతానికి చేరింది, అదీ చాలదని మొన్న అక్టోబరులో రెండు కోట్ల పది లక్షల పౌండ్లు. జరిమానా పెరుగుతోంది, మార్కులు పెద్దగా పెరగడం లేదు. ఇంతలో ఆఫ్‌కామ్ ఏం చేసిందో తెలుసా? వచ్చే ఏప్రిల్ నుంచి పాస్ మార్కు తగ్గిస్తోంది. 93 కాస్తా 90, 98.5 కాస్తా 95. (నవ్వులు) నవ్వొస్తుంది కానీ, దాంతోపాటు ఇంకో షరతు కూడా పెట్టింది. ఏ ఉత్తరమూ ఎక్కడో ఇరుక్కుని ఉండిపోకుండా, 99 శాతం ఉత్తరాలు గడువు దాటిన రెండు రోజుల్లోపు చేరాల్సిందే. సగటు బాగుంటే చాలదు, చివర మిగిలిపోయినవాడి సంగతి కూడా చూడాలని. ఒధంగా ఊరికి కావాల్సింది సరిగ్గా ఇలాంటి షరతే.

అమెరికా సంగతి మీలో చాలామందికి పిల్లల ద్వారా తెలుస్తుంది. 2022లో అక్కడ పోస్టల్ సంస్కరణల చట్టం చేసి, ఏ ప్రాంతంలో ఎంత శాతం ఉత్తరాలు వేళకి చేరుతున్నాయో ప్రతి వారం జనం చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టాలన్నారు. మన తెలుగువాళ్లు బాగా ఉన్న అట్లాంటా చుట్టుపక్కల 2024 మొదట్లో పెద్ద గందరగోళం జరిగింది. కొత్తగా పెట్టిన ప్రాసెసింగ్ సెంటరులో పని కుప్పకూలింది. ఆ ఏప్రిల్‌లో సెనేట్ విచారణలో జార్జియా సెనేటర్ జాన్ ఆసాఫ్, పోస్ట్‌మాస్టర్ జనరల్ డిజాయ్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, అక్కడికి వచ్చే ఉత్తరాల్లో 36 శాతమే వేళకి చేరుతున్నాయి, ఏం చేస్తున్నారని నిలదీశాడు. ఇబ్బంది అక్కడా ఉంది, మనకంటే ఘోరంగా కూడా ఉండొచ్చు. కానీ నిలదీయడానికి సెనేటర్ చేతిలో ఒక అంకె ఉంది. మన ఎంపీ రేపు లోక్‌సభలో లేచి ‘మా జిల్లాలో మామూలు ఉత్తరం ఎన్ని రోజుల్లో చేరుతోంది’ అని అడగాలంటే, ఏ అంకె పట్టుకుని అడగాలి?

డెన్మార్క్‌లో ఇంకో ఆరు రోజుల్లో, డిసెంబర్ 30న, ప్రభుత్వ తపాలా సంస్థ ఉత్తరాల బట్వాడా పూర్తిగా ఆపేస్తోంది. 1624 నుంచి నడిచిన పని. ఉత్తరాలు తొంభై శాతం పైగా తగ్గిపోయాయి మరి. మనకింకా ఆ రోజు రాలేదు, రాకూడదు కూడా, ఎందుకంటే మన కోర్టులు, మన ప్రభుత్వాలు ఇంకా పోస్టు మీదే నిలబడి ఉన్నాయి. సొంత ఉత్తరాలు రాసుకునేవాళ్లు తగ్గారు నిజమే. కానీ నోటీసు అనేది ఉత్తరం కాదు, అది హక్కు.

ఈ అక్టోబర్ 1 నుంచి వచ్చిన మార్పు దగ్గరికి వద్దాం. రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. 2012 అక్టోబరు తర్వాత మొదటిసారి స్పీడ్ పోస్టు చార్జీలు సవరించారు. 50 గ్రాముల కవరుకి ఊళ్లోనే అయితే 19 రూపాయలు, ఎంత దూరమైనా 47కి మించదు, పన్ను అదనం. ఇంకో ఐదు రూపాయలు, దాని మీద పన్ను కడితే ‘రిజిస్ట్రేషన్’ చేస్తారు, అంటే చిరునామాదారుడికే ఇస్తారు. మరో ఐదు కడితే ఓటీపీ చెప్పాకే డెలివరీ. ఈ ఓటీపీ పద్ధతి నాకు చాలా నచ్చింది. ఎందుకంటే మొదటిసారి పుచ్చుకున్నవాడు నోరు విప్పేదాకా ‘డెలివర్డ్’ అని పడదు. కోసిన నోటు రెండో సగం ఇదే కదా! కాకపోతే దీన్ని పంపేవాడి ఇష్టానికి వదిలేశారు. ఒక మనిషి హక్కుల మీద పడే నోటీసులకు, కనీసం ప్రభుత్వం పంపే వాటికి, ఇది తప్పనిసరి చేయాలి. ఫోను నంబరు లేనివాళ్ల సంగతేమిటని అడుగుతారు, వాళ్లకు సంతకం పద్ధతి ఉండనే ఉంది.

పరిహారం మాట కూడా చెప్పాలి. స్పీడ్ పోస్టు ఆలస్యమైతే కట్టిన చార్జీ వెనక్కిస్తారు. పోతే చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. ఏళ్ల తరబడి నడుస్తున్న లెక్క ఇది. 50 గ్రాముల కవరుకి అత్యధిక చార్జీ 47. పన్ను కలిపి రెట్టింపు చేస్తే నూట పదకొండు. వెయ్యి అన్న అంకె అక్కడ అలంకారానికే ఉందన్నమాట.

జనవరి నుంచి 24 గంటల్లో, 48 గంటల్లో గ్యారంటీ డెలివరీ తెస్తామని కేంద్రమంత్రి సింధియా గారు అక్టోబరులో ప్రకటించారు. మంచిదే, తేనివ్వండి. నేను అడిగేది చిన్నది. గ్యారంటీ నిలబడిందో లేదో కొలిచేది బయటివాళ్లయి ఉండాలి. పరీక్ష ఉత్తరాలు వేయడానికి రాకెట్ సైన్సు అక్కర్లేదు. ప్రతి జిల్లాలో కొన్ని డిగ్రీ కాలేజీలను తీసుకున్నా సరిపోతుంది, నెలకు కొన్ని ఉత్తరాలు మామూలు పోస్టులో, కొన్ని స్పీడ్ పోస్టులో. ఫలితాలు పిన్‌కోడ్ వారీగా ప్రకటించాలి. మొదటి మూడేళ్లు దాని ఆధారంగా ఒక్క జీడీఎస్ మీద కూడా చర్య తీసుకోకూడదని నియమం పెట్టండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ అంకె డివిజను సూపరింటెండెంటు దగ్గరికి, సర్కిల్ చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ దగ్గరికి, పార్లమెంటుకు వెళ్లాలి. ఉత్తరం ఆగిన చోట మనిషి లేడా, బస్సు లేదా, సంచి రావడమే ఆలస్యమా, అసలు ఖాళీలు భర్తీ చేయలేదా అన్నది అప్పుడు తెలుస్తుంది. సెక్షన్ 10 రద్దు చేయమని నేను అడగడం లేదు. ప్రతి పోస్టుకార్డు మీద నష్టపరిహారం దావా వేయనిస్తే ఏ దేశపు తపాలా శాఖా బతకదు. డబ్బు ఇవ్వకపోయినా లెక్క చెప్పమంటున్నాను.

ఇక ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

ప్రశ్న: సార్, ఇంత గొడవ ఎందుకు, ప్రైవేటు కొరియర్‌లో పంపితే సరిపోదా?

జవాబు: పట్నంలో సరిపోవచ్చు. మీ నోటీసు వెళ్లాల్సింది మండల కేంద్రానికి పదిహేను కిలోమీటర్ల అవతలి తండాకైతే, చాలా కొరియర్లు మండల కేంద్రం దగ్గరే ఆగి ఫోన్ చేసి ‘వచ్చి తీసుకెళ్లండి’ అంటాయి. అక్కడి దాకా వెళ్లేది బీపీఎం ఒక్కరే. ఆ మనిషి మీద మనం ఇంతగా ఆధారపడి ఉన్నాం కాబట్టే ఇంత గొడవ. పైగా సెక్షన్ 27 రాసింది రిజిస్టరు పోస్టును దృష్టిలో పెట్టుకుని. కొరియర్ రసీదుకు ఆ బలం దానంతటది రాదు, అదనంగా రుజువు కావాల్సి వస్తుంది.

ప్రశ్న: మరి రిజిస్టరు పోస్టే తీసేశారు కదా, ఇప్పుడు లీగల్ నోటీసు ఎలా పంపాలి?

జవాబు: తీసేయలేదమ్మా, స్పీడ్ పోస్టులో కలిపారు. కౌంటర్లో ‘రిజిస్ట్రేషన్‌తో కావాలి’ అని నోరు తెరిచి అడగండి. అడగకపోతే ఉత్త స్పీడ్ పోస్టు కొట్టి ఇచ్చేస్తారు, రేపు కోర్టులో అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు. రసీదు మీద పిన్‌కోడ్, పేరు సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి. వెయ్యి పేజీల కేసు ఒక్క తప్పు అంకెతో పోతుంది. ట్రాకింగ్‌లో డెలివరీ చూపించిన రోజే ప్రింటు తీసిపెట్టుకోండి, నెలలు గడిచాక ఆన్‌లైన్‌లో దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. ఆ ప్రింటు కోర్టులో నిలబడాలంటే కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియమం, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, మీ వకీలుకి గుర్తుచేయండి. మా వాళ్లు కూడా మర్చిపోతుంటారు.

ప్రశ్న: నాకు రాని ఉత్తరం వచ్చినట్టు రికార్డులో ఉందని చెప్పారు. ఏం చేయాలి?

జవాబు: ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, నంబరు తీసుకోండి. ‘డెలివర్డ్’ అని జవాబొస్తే అక్కడ ఆగొద్దు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి మూడే మూడు అడగండి. ఏ తేదీన ఏ సమయానికి ఎవరికి ఇచ్చారు, పుచ్చుకున్నవాళ్ల సంతకం కాపీ ఇవ్వండి, ఆ రోజు ఆ బీటులో డ్యూటీలో ఉన్నది ఏ హోదా ఉద్యోగి. 30 రోజుల్లో జవాబివ్వాలి. సంతకం మీది కాదని కాగితం మీద తేలిందనుకోండి, అప్పుడు సెక్షన్ 10లోని ‘కావాలని’ అన్న మాట దగ్గరికి మీ కేసు చేరుతుంది. ఆ కాగితం తీసుకుని రండి, మిగతాది నేను చూస్తాను. ఫీజు మాట తర్వాత. (నవ్వులు)